మేకతో అన్న నడక

అన్న మణికట్టు మొదటిసారి పట్టుకున్నప్పుడు నాడి ఎక్కడుందో నాకు దొరకలేదు. అంత లావు మణికట్టు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మా అన్న ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చేత్తోనే సుత్తి ఎత్తి దించుతున్నాడు. బొటనవేలి మొదలు నుంచి వేళ్లు మెల్లగా జరుపుతూ పోతే చివరికి తగిలింది. గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాను. తొంభై ఆరు. నేను అంకె పైకి చెప్పేలోపే అన్న చెయ్యి లాగేసుకున్నాడు. చిన్నప్పుడు తిరునాళ్లలో తప్పిపోకుండా నేను పట్టుకున్న చెయ్యి అది. ఆ తర్వాత పట్టుకోవాల్సిన అవసరం మా ఇద్దరికీ ఎప్పుడూ రాలేదు.

అన్నకు గుండెపోటు వచ్చి నంద్యాల ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో సంగతి ఇది. పంపించేటప్పుడు డాక్టరు చెప్పింది రెండే మాటలు. రోజూ నడవాలి. మూడు నెలల తర్వాత మెషిన్ మీద నడిపించి చూసేదాకా సుత్తి ముట్టకూడదు.

అన్న నమ్మలేదు. "పొద్దున్నించి మాపటిదాకా సుత్తి కొట్టేటోడికి కసరత్తు ఏందప్పా?" అన్నాడు.

డాక్టరు నవ్వాడు. "మీరు కూర్చుని కొడతారు. చేతికి బలం వచ్చింది. గుండెకు దమ్ము రావాలంటే కాళ్లు కదలాలి."

అన్న షెడ్డులో సగం చెక్కిన నంది ఉంది. మెడ గంటలు అయిపోయాయి, ముఖం ఇంకా రాయిలోనే ఉంది. దానిమీద గోనెపట్ట కప్పి, పక్కన స్టూలు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. వేరే పనివాళ్లను చెయ్యి పెట్టనివ్వలేదు. "సుత్తి పట్టని చెయ్యి ఎందుకురా నాకు" అని ఒకసారి నాతో అన్నాడు. ఆ మాట విన్నాక ప్రతి ఆదివారం నేనుండే నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డ పోవడం మొదలుపెట్టాను.

నాది లెక్కల బతుకు. పదో తరగతితో చదువు ఆగింది. రాయి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి లారీకి ఎంత బరువో చెప్పడం నా పని. తెలియనిది తెలిసేదాకా అడుగుతాను. గుండె గురించి కూడా అట్లే అడిగి తెలుసుకున్నాను. నడిచేటప్పుడు కాళ్లలోని కండలు ఎక్కువ రక్తం అడుగుతాయి. అలవాటు లేని గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు తీరుస్తుంది. రోజూ అడుగుతూ ఉంటే ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోయడం నేర్చుకుంటుంది. కండలు కూడా వచ్చిన రక్తంలోంచి ప్రాణవాయువును బాగా తీసుకోవడం నేర్చుకుంటాయి. అప్పుడు అదే దూరానికి తక్కువ దెబ్బలు చాలు. మాత్రలు కూడా నాడిని తగ్గిస్తాయని డాక్టరు చెప్పాడు కాబట్టి నేను ఒట్టి అంకెను నమ్మలేదు. ఇంటి ముందున్న మిట్ట ఎక్కించి, దిగాక ఆయాసం ఎంతసేపటికి తగ్గుతుందో చూసేవాణ్ని.

వారాలు గడిచినా ఆ ఆయాసం తగ్గలేదు. నా లెక్కే తప్పేమోనని రోజూ నడవాల్సిన దూరం పెంచాను. ఊరి బయట పెట్రోలు బంకు దాకా అన్నాను. అన్న సరే అన్నాడు. అయినా తగ్గలేదు. నాకు లోపల భయం పట్టుకుంది. కొన్ని గుండెలు ఇక నేర్చుకోవేమో అనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరాను. బస్సు ఊరి మొదట్లోకి వచ్చింది. కిటికీలోంచి చూస్తే పక్కనే ఎవరిదో బైకు వెనక కూర్చుని, తువ్వాలు భుజాన వేసుకుని, హాయిగా గాలి పీలుస్తూ పోతున్నాడు అన్న.

ఇంటికి పోయి అడిగాను. "ఇదేనా అన్నా నీ నడక?"

"ఏం జెయ్యమంటావురా. రెండడుగులు వేస్తానో లేదో, యాడికి మేస్త్రీ, ఎక్కు అని బండి ఆపుతాండారు. ఎక్కకుంటే వాళ్ల మనసు నొచ్చుకోదా?"

"నడుస్తాండా అని చెప్పు."

"ఊరికే నడుస్తాండా అంటే పిచ్చి పట్టిందనుకుంటారు. నువ్వు దూరం పెంచినాక ఇంకా కష్టమైపాయ. బంకు దాకా అంటే అందరూ పోయే దావే గదా."

వదిన పొయ్యి దగ్గర నుంచి మా మాటలు వింటూనే ఉంది. లేచి పెరట్లోకి పోయి, మేకను పట్టుకొచ్చి దాని తాడు అన్న చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఎవుడు ఎక్కమంటాడో చూస్తా. మేకను ఒళ్లో కూచోబెట్టుకోని పోతావా?"

ఎవరూ ఎక్కమనలేదు. మేకను తోలుకుపోయేవాడికి పని ఉన్నట్టే లెక్క. పలకరించి పోయేవాళ్లు. మేక తుమ్మచెట్టు కనిపిస్తే ఆగేది, మిట్ట కనిపిస్తే తాడు లాక్కుంటూ పరుగెత్తేది. అన్న గుండె దానితోపాటు ఎగసి, అది ఆకులు నములుతున్నంతసేపు నెమ్మదించేది. నేను కాగితం మీద అంత బాగా వేయలేను ఆ లెక్క. కొన్ని వారాలకు, మిట్ట దిగాక అన్న నాతో మాట్లాడుతూనే నడవడం మొదలుపెట్టాడు. వదిన మాత్రం సణిగింది. "మీ అన్న బాగుపడినాడు గానీ మేక చిక్కిపాయ చూడు."

మూడు నెలలకు నంద్యాల పోయాం. నడిపించే మెషిన్‌లో జరిగే పట్టా మీద అన్నను నిలబెట్టారు. పట్టా కదలగానే కుడిచెయ్యి ముందుకు చాచి గాలిలో పిడికిలి బిగించాడు.

"ఏం వెతుకుతున్నారు?" అని డాక్టరు అడిగాడు.

"తాడు" అన్నాడు అన్న.

చివరిదాకా నడిచాడు. డాక్టరు కాగితం చూసి, చిన్న సుత్తి పట్టవచ్చని, మధ్యమధ్య లేచి తిరగాలని, పెద్ద సుత్తి మాత్రం ఇక పనివాళ్లకే వదిలేయాలని చెప్పాడు. తిరిగొచ్చే బస్సులో అన్న కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. పెద్ద సుత్తి గురించే ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు.

షెడ్డులోకి పోయి గోనెపట్ట తీశాడు. పెద్ద సుత్తిని గోడకు ఆనించి, పని నేర్చుకునేవాళ్లకు ఇచ్చే చిన్న సుత్తి తీసుకున్నాడు. ఉలిని నంది ముక్కు ఉండాల్సిన చోట పెట్టి ఆగాడు. సుత్తి కింద పెట్టి నా వైపు చెయ్యి చాచాడు.

"ముందు చూడు."

ఈసారి నాడి వెంటనే దొరికింది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సెకన్ల ముల్లు ఎక్కడుందో కళ్లకు సరిగా కనిపించక మధ్యలో అంకె తప్పింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అన్న చెయ్యి అట్లే ఉంచాడు.