మా టీచర్ గారు ఎక్కిన సగం కొండ

మా సోషల్ టీచర్ గారు పోయారు. పోయిన నెల ఓ గురువారం పొద్దున్నే ఆవిడ భర్త ఫోన్ చేశారు. ఆయన్ని నేను బాబాయిగారనే పిలుస్తాను. "అమ్మాయ్, మీ టీచర్ నిద్రలోనే వెళ్లిపోయిందమ్మా" అన్నారు. తాడేపల్లిగూడెంలో మా వీధి చివరిల్లే వాళ్లది. పరుగున వెళ్లేసరికి ఆవిడని హాల్లో పడుకోబెట్టారు. కళ్లజోడు లేకుండా ఆవిడని చూడటం నాకదే మొదటిసారి. ఎవరో కొత్తావిడలా అనిపించారు.

నేను ఆవిడ దగ్గర చదువుకున్నది మండవల్లి పక్క పల్లెలో. కొల్లేటి అంచు ఊరు. చేపల చెరువు గట్టుకంటే ఎత్తయినది మా కళ్లకి ఎప్పుడూ ఆనలేదు. అలాంటి పిల్లలకి ఆవిడ కొండల పాఠం చెప్పాలి. పళ్లెంలో తడిమట్టి కుప్పపోసి, చుట్టూ నీళ్లు పోసేవారు. "కొల్లేరు పొంగినప్పుడు మీ ఇంటి గోడమీద నీళ్ల గుర్తు మిగులుతుందిగా? ఇక్కడా అలాగే గీత గియ్యండి" అనేవారు. ఇంకొంచెం నీళ్లు, ఇంకో గీత. పటంలో కొండ చుట్టూ ఉండే గీతలు మాకలా అర్థమయ్యాయి.

"మీరు కొండెక్కారా టీచర్?" అని ఓసారి అడిగాను. "లేదే. తిరపతి వెళ్లాను గానీ బస్సులో. మలుపులకి భయపడి కళ్లు మూసుకునే కూర్చున్నాను. అది ఎక్కడం కిందికి రాదు" అన్నారు. చూడనిది చూశానని చెప్పకూడదన్నది ఆవిడ పట్టుదల. మేం వ్యాసంలో తాజ్‌మహల్ చూసొచ్చినట్టు కోతలు కోస్తే ఎర్రసిరాతో కొట్టేసేవారు.

ఆవిడ రిటైరయ్యాక, రెండేళ్ల కిందట మే నెలలో, వాళ్లిద్దరూ, నేనూ మా ఆయనా కలిసి మంగళగిరి బయల్దేరాం. ఉదయం రైల్లో విజయవాడ, అక్కణ్ణించి ఆటో. పానకాలస్వామికి పానకం పోస్తే సగం తాగి, సగం మనకి వదిలేస్తాడంటారు. ఆయన గుడి ఉన్నదీ కొండ మధ్యలోనే. టీచర్ గారి ధ్యాసంతా ఆ పైన, కొండ కొసన ఉన్న గండాలయం మీద. అక్కడికెక్కితే కృష్ణా, ఊళ్లూ, పొలాలూ అన్నీ కనపడతాయని ఎవరో చెప్పారు. "ఇన్నేళ్లు బోర్డుమీద వేసిన పటం నిజమో కాదో ఒక్కసారి చూసుకోవాలే" అని దారంతా అదే మాట.

మెట్లెక్కి గుడికి చేరాం. పానకం తాగాం. ఇక పైకి వెళదామనేసరికి బాబాయిగారు అరుగుమీద కూలబడ్డారు. "మోకాళ్లు పట్టేశాయి. నావల్ల కాదు, మీరు వెళ్లిరండి" అన్నారు. టీచర్ గారు కొండ కొసకేసి చూశారు. ఆయన్ని చూశారు. "ఏవండీ, ఈ ఎండలో మిమ్మల్నొక్కర్నీ వదిలేసి ఎలా వెళతానండీ?" అంటూ పక్కనే కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ అడిగిందే ఒక్క కోరిక, దానికీ ఈయన అడ్డంపడ్డారే అనుకున్నాను.

నేనూ మా ఆయనా పైకి వెళ్లి, ఫోన్లో వీడియో తీసుకొచ్చాం. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేశారు. "వద్దే. నేనే ఎక్కి చూస్తాను. ఫోన్లో చూసేస్తే అదీ పాఠంలాగే అయిపోతుంది."

తర్వాత ఎన్నిసార్లు రమ్మన్నా, "మీ బాబాయిగారి మోకాళ్లు బాగుపడనీ" అనేవారు. సాయంత్రాలు వెళితే, ఆవిడ పీటమీద కూర్చుని ఆయన మోకాళ్లకి నూనె రాస్తూ కనపడేవారు. ఆయన "అబ్బా, మెల్లిగా" అని మూలిగేవారు.

కర్మలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, మొన్న సాయంత్రం ఆయనకి భోజనం పట్టుకెళ్లాను. ఉండబట్టలేక అనేశాను, "ఆరోజు మీరు కాస్త ఓర్చుకుని ఎక్కి ఉంటే, ఆవిడ పైనుంచి చూసేవారు కదండీ" అని.

ఆయన క్యారేజీ మూత మళ్లీ పెట్టేశారు.

"నా మోకాళ్లకేం కాలేదమ్మా. మెట్లమీద మీ టీచర్ పెదాలు నల్లబడటం చూశాను. కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు ఆగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. నువ్వు ఆగవే అంటే వింటుందా? అందుకని నేను కూలబడ్డాను. ఊరొచ్చాక డాక్టర్ గారు గుండె బాలేదన్నారు, ఎత్తులెక్కొద్దన్నారు. ఎవరికీ చెప్పొద్దంది. ఎవరడిగినా నా మోకాళ్లమీదకి నెట్టేసేది." కండువాతో మొహం తుడుచుకున్నారు. "నాలుగు కాలాలపాటు ఉంటుందని ఆపానమ్మా. ఉండలేదు. మెల్లగా, కూర్చోబెట్టుకుంటూ తీసుకెళ్లినా బావుండేది. అంతగా కోరుకుంది, చూపించలేకపోయాను."

"మీవి ఉత్తుత్తి మోకాళ్లని ఆవిడకి తెలుసాండీ?"

"నేనడగలేదు. నూనె రాయడం మాత్రం ఒక్కరోజూ మానలేదు."

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. ఆరేసిన బట్టలు తడిసిపోతాయంటూ ఆయన లేచారు. రెండేళ్లుగా గోడ పట్టుకుని, కుంటుకుంటూ దిగే ఆ వీధి మెట్లు చకచకా దిగిపోయారు.