వచ్చే ఏడు చిన్న కారు

ఆ రోజుల్లో మా నాచారంలో కారున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కార్ల మీద అభిప్రాయం లేనివాళ్లను లెక్కపెట్టడానికి ఆ వేళ్లు కూడా అక్కర్లేదు. డెబ్బైల మొదట్లో మాట ఇది. దేశం మొత్తానికి దొరికేవి రెండు మూడు రకాల కార్లు, వాటికీ ఏళ్ల తరబడి వరస. అయినా టీ హోటల్లో కూర్చున్న ప్రతివాడూ ఫలానా బండికి ఇంజను బరువెక్కువని, ఫలానాదానికి బ్రేకు సరిగ్గా పడదని, ఇంటి దొడ్లో రెండూ కట్టేసి ఉన్నట్టు మాట్లాడేవాడు. అందరిలోకీ నా మాటకు విలువెక్కువ. ఎందుకంటే నేను మల్లాపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో మోటారు బండ్లకు పనికొచ్చే చిన్న ఇత్తడి గొట్టాలు లేత్ మిషను మీద తీసేవాణ్ణి. (ఆ గొట్టం ఏ బండిలో ఏ మూలకు పోతుందో నాకు తెలియదు. అడిగితే నాకు తెలియదన్న సంగతి బయటపడుతుందని మేస్త్రీని ఎన్నడూ అడగలేదు.) కారెక్కిన అనుభవం అంటారా, అక్క పెళ్లిలో ఒక్కసారి, ముందు సీటులో నలుగురిలో ఒకడిగా కూర్చున్నాను. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా అతని మోచెయ్యి నా పక్కటెముకలను పలకరించేది. ఈ మాత్రం పరిజ్ఞానానికి వర్క్‌షాపు ఆఫీసులో పడి ఉండే నిన్నటి ఇంగ్లీషు పేపరు తోడైంది. ఇరవై ఒక్కేళ్ల వయసు, చేతిలో పేపరు, చుట్టూ వినేవాళ్లు. మనిషి చెడిపోవడానికి ఇంకేం కావాలి?

ఆ పేపర్లో తరచుగా వచ్చే వార్త చిన్న కారుది. సామాన్యుడికి అందే కారు తయారవుతుందని ఒకసారి, దానికి కమిటీ వేశారని ఒకసారి, నమూనా సిద్ధమవుతోందని ఒకసారి రాసేవారు. నేను దానికి నా వంతు కలిపి, వచ్చే ఏడు కచ్చితంగా రోడ్డెక్కుతుందని చెప్పేవాణ్ణి. సరిగ్గా అప్పుడే మా బావకు ఉత్తరం వచ్చింది. బావ అంటే అక్క మొగుడు, ఇల్లు నాచారంలోనే, ఉద్యోగం మల్కాజిగిరిలో రైల్వే గుమాస్తాగా. ఆరేళ్ల కింద స్కూటరుకు పేరు రాయించుకున్నాడు. ఇప్పుడు ఆయన వంతు వచ్చిందని, నెలలోపల తీసుకోకపోతే ఆ వంతు పోతుందని ఉత్తరం సారాంశం. బావ నెమ్మదైన మనిషి. గొడుగు కొనాలన్నా ఇంకొకరి మాట కావాలి ఆయనకు. ఆదివారం చర్చి నుంచి రాగానే నన్ను వాళ్లింట్లో కూర్చోబెట్టి అడిగాడు.

"నువ్వు అదే లైన్ల ఉన్నవ్ గదా బామ్మర్ది. తీస్కుందామా, ఆగుదామా?"

పెళ్లయి పిల్లలున్న మనిషి ఒకడు నన్ను సలహా అడగడం అదే మొదలు. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. స్కూటరు నిన్నటి సంగతని, ఇద్దరు పిల్లలున్నవాడికి కావలసింది చిన్న కారేనని, వానలో నలుగురూ తడవకుండా చర్చికి పోవచ్చని అరగంట చెప్పాను. సామాను ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పాను. (ఆ కారు బొమ్మయినా నేను చూడలేదు.) అంతటితో ఆగానా? స్కూటరు వాళ్లకు జవాబు కూడా నేనే ఇంగ్లీషులో రాశాను. మోటారు పరిశ్రమలో ఇటీవలి పరిణామాల దృష్ట్యా మీ వాహనం మాకు అవసరం లేదని దాని భావం. బావ రెండుసార్లు చదువుకుని మురిసిపోయి సంతకం పెట్టాడు. మర్నాడు పనికి పోతూ నా చేత్తోనే పోస్టు డబ్బాలో వేశాను. అక్క అప్పుడు బడి సెలవులని పిల్లలతో నారపల్లిలో మా అమ్మ దగ్గర ఉంది. ఆమె ఇంట్లో ఉండి ఉంటే మీకు ఈ కథ చెప్పే అవసరం వచ్చేది కాదు.

వారం తర్వాత అక్క వచ్చింది. సంగతి విని అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. పిల్లలకు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నా వంక చూసింది. అక్క ఉప్పల్‌లో ఒక చిన్న బడిలో టీచరు, ఇంకా టెంపరరీయే. నాచారంలో బస్సు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది, వచ్చినా నిండి ఉండి ఆగకుండా పోయేది. ఆలస్యం అయినందుకు పెద్ద టీచరమ్మ రెండుసార్లు చెప్పిందట, మూడోసారైతే పర్మినెంటు చేసే మాట మర్చిపోవాల్సిందేనని. బావ స్కూటరు మీద ఆమెను ఉప్పల్‌లో దింపి మల్కాజిగిరి పోవాలని మొగుడూ పెళ్లాలిద్దరూ ఎప్పటినుంచో అనుకుంటున్నారు. సైకిలు మీద అటూ ఇటూ పోయేంత టైము ఆయనకు ఉండేది కాదు. (మరి బావ ఎందుకు మర్చిపోయాడంటే, నా ఉపన్యాసం అలాంటిది.) చిన్న కారు ఎట్లాగూ వస్తుంది కదా అని నేను మళ్లీ మొదలుపెట్టబోయాను.

"కారు వచ్చినప్పుడు వస్తది తమ్మీ," అంది అక్క. "రేపు పొద్దుగాల ఎనిమిదిన్నరకు నేను బడిల ఉండాలె. ఎట్ల పోవాల్నో గది జెప్పు."

నాకు సిగ్గేసింది. పరిశ్రమ భవిష్యత్తు మొత్తం తెలిసిన నాకు మర్నాటి పొద్దుటి సంగతి తట్టలేదు. చివరికి, "నా సైకిల్ మీద తీస్కపోత అక్కా" అన్నాను. బావ స్కూటరు వాళ్ల దగ్గరికి పరుగెత్తాడు గానీ, వాళ్లు ఉత్తరంలో ఇంగ్లీషు చాలా బాగుందని మెచ్చుకుని, ఆయన పేరును వరసలో అందరికంటే చివర మళ్లీ రాసుకున్నారట.

అట్లా మొదలైంది. రోజూ ఏడున్నరకు పక్క గల్లీలో నా గది నుంచి సైకిలు తీసుకుని వెళ్తే, అక్క చేతి సంచీతో కేరియర్ మీద ఒక పక్కకు కూర్చునేది. ఉప్పల్‌లో దింపి, అదే దారిన వెనక్కి తొక్కి మల్లాపూర్‌లో మిషను దగ్గర నిలబడేసరికి నా చొక్కా పిండితే బిందె నిండేది. శిక్ష అంతటితో సరిపోలేదు. అక్క సంచీలో పేపరు ఉండేది. హబ్సిగూడ దగ్గర ఎత్తు మొదలవగానే దాన్ని తీసి, చిన్న కారు వార్త ఉంటే తాపీగా చదివి వినిపించేది. కమిటీ రిపోర్టు ఇచ్చిందట. ఆ రిపోర్టు చూడడానికి ఇంకో కమిటీ వేశారట. "నీ అభిప్రాయం ఏంది తమ్మీ?" అని అడిగేది. ఎత్తు ఎక్కుతూ, వెనక అక్కను మోస్తూ, కార్ల మీద అభిప్రాయం చెప్పడం మానవమాత్రుడి వల్ల కాదు. ఒక ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరిముందూ చెప్పుకునే సాక్ష్యానికి అక్క లేచి, నా తమ్ముని కాళ్లకు బలం ఇమ్మని, నోటికి జర విశ్రాంతి ఇమ్మని ప్రార్థించింది. అందరూ ఆమెన్ అన్నారు. బావ గొంతే పెద్దగా వినిపించింది.

వానల్లో తడిశాం. రెండుసార్లు పంచరై నడిచాం, ఒకసారి గుంటలో పడ్డాం. కానీ అట్లా తిరిగిన మూడేళ్లలో అక్కకు ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. దారి పొడుగునా పిల్లల జ్వరాలు, అమ్మ మోకాళ్లు, పెద్ద టీచరమ్మ కోపాలు అన్నీ నాకే చెప్పేది. మూడో ఏడు చివర ఒక పొద్దున ఎత్తు దగ్గర అక్క సంచీలోంచి కాగితం తీసిన చప్పుడైంది. కమిటీ వార్త అనుకుని మనసు గట్టి చేసుకున్నాను. అది పర్మినెంటు ఆర్డరు. నిన్న సాయంత్రం ఇచ్చారట. మొదట నీకే చదువుదామని ఇంట్లో కూడా చెప్పలేదంది. మొత్తం చదివింది, కింద సంతకంతో సహా. నాకు కళ్లు మసకబారి సైకిలు కొంచెం పక్కకు పోయింది. "ముందటికి సూడు," అని వీపు మీద ఒక్కటి వేసింది.

కొత్త స్కూటరు ఫ్యాక్టరీలు వచ్చి వరస తొందరగా కదిలిందేమో, ఆ ఎండాకాలమే బావకు మళ్లీ స్కూటరు వంతు వచ్చింది. ఈసారి ఆయన ఎవరినీ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు అక్క కొత్త బండి మీద కూర్చుని, గల్లీ మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది. నేను మల్లాపూర్ వైపు పోవలసినవాణ్ణి, కాళ్ల అలవాటు కొద్దీ ఉప్పల్ వైపే తొక్కాను. ఎత్తు మీదికి వచ్చాక గానీ సంగతి తెలియలేదు. ఎంత సులువుగా ఎక్కానో. కావలసినంత ఊపిరి మిగిలింది. చిన్న కారు మీద ఎన్నాళ్లుగానో చెప్పాలనుకున్న అభిప్రాయం కూడా తయారుగా ఉంది. ఖాళీ కేరియర్ వైపు తిరిగి చూసి, రోడ్డు పక్కన సైకిలు దిగి, ఇరవై నాలుగేళ్ల ఆ వెర్రి కుర్రవాడు కాసేపు ఏడ్చాడు. ఇప్పుడు తలుచుకుంటే వాడి మీద నవ్వొస్తుంది, వాడి కాళ్లంటే అసూయ కూడా.