మూడువందల పన్నెండు ఖాళీ టేపులు

ఉదయం తొమ్మిదింపావుకి ఆమె తెర మీద కనిపించిన అంకె 353. ముందురోజు సాయంత్రం అదే గడిలో 41 ఉంది. కంప్యూటర్ సమాచారం దాచే టేపు లైబ్రరీలో ఖాళీ టేపులు ఎన్ని మిగిలాయో చెప్పే గడి అది. ఖాళీ టేపులు వాడితే తగ్గుతాయి, కొంటే పెరుగుతాయి. ఎనిమిది నెలలుగా ఆ రికార్డుల ఆఫీసులో ఒక్క టేపు కూడా కొనలేదు.

ఆమె ఫోన్ తీసి కింద లైబ్రరీ గదిలో ఉండే ఆపరేటర్‌కి చేసింది.

"తమ్ముడూ, కొత్త టేపులేమైనా వచ్చాయా?"

"కొత్తవా? ఎవరు కొంటారక్కా? గోదాం నుంచి పాత పెట్టెలు వచ్చాయి. పొద్దున ఏడింటికి ఎక్కించేశా."

"ఏ పెట్టెలు?"

"పసుపు మూతలవి. అయిదేళ్ళకోసారి చదివి చూసే పరీక్షకని."

"ఎన్ని?"

"మూడువందల పన్నెండు. ఏమైందక్కా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. భయం వేయాల్సిన చోట ఆమెకి కోపం వచ్చింది. ఆ కోపం వయసు మూడు వారాలు. అంతవరకూ దానికి పనేమీ దొరకలేదు, అంతే.

ఆమెకి యాభై రెండేళ్ళు. ఆఫీసులో అందరూ టేపులక్క అంటారు. ఇరవై ఆరేళ్ళ కిందట టేపుల మీద నంబరు కాగితాలు అంటించే పనికి చేరింది. అప్పట్లో టేపులు అలమారాల్లో ఉండేవి, నిచ్చెనెక్కి తీసేవాళ్ళు. తర్వాత గది అంత ఇనుప బీరువా వచ్చింది. దాని లోపల పట్టాల మీద తిరిగే యంత్రం చెయ్యి ఒకటి ఉంటుంది. అడిగిన టేపుని అరలోంచి తీసి, చదివే డబ్బాలో పెట్టి, పని అయ్యాక మళ్ళీ అరలో సర్దుతుంది. ఆరువేల టేపులు. ఆ గదిలో ఎండాకాలం కూడా చలే. ఆమె పన్నెండు నెలలూ స్వెట్టర్ వేసుకునేది. ఇంట్లో ఆడపడుచు దాన్ని చూసినప్పుడల్లా "వదినా, నువ్వు ఆఫీసుకి వెళ్తున్నావా, కొండ ఎక్కుతున్నావా?" అనేది.

ఆరువేల టేపుల్నీ పూల్స్‌గా విడగొట్టింది ఆమే. పూల్ అంటే ఒక రకం సమాచారానికి కేటాయించిన టేపుల గుంపు. జీతాలది ఒకటి, ఉత్తరాలది ఒకటి, ఇలా ఏడు. వీటికి తోడు ఖాళీ టేపులది ఉమ్మడి పూల్. ఏ పూల్‌కైనా టేపులు చాలకపోతే ఉమ్మడిలోంచి అరువు తెచ్చుకోవచ్చు, ఖాళీ అయ్యాక తిరిగి ఇచ్చేయొచ్చు. అరువు తేవాలా వద్దా, తిరిగి ఇవ్వాలా వద్దా అని ప్రతి పూల్‌కీ విడివిడిగా చెప్పాలి. బయటినుంచి కొత్తగా లోపలికొచ్చే టేపు ఏ పూల్‌లోకి పోవాలో చెప్పడానికి ఒక పట్టిక ఉంటుంది. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా ఫలానా పూల్‌కి, అని ఒక్కో వరస. బీరువా ఆ పట్టికని పైనుంచి చదువుతుంది. నంబరు ఏ వరసకి కలిస్తే అక్కడికి తోసేస్తుంది. టేపులో ఏముందో చూడదు. ఉమ్మడిలో పడ్డ టేపు దాని దృష్టిలో తెల్ల కాగితం.

అందుకే ఆమెకో పద్ధతి ఉండేది. బయటి టేపులు ఎప్పుడొచ్చినా ముందు పట్టికలో వరస చూసుకోవాలి, ఆ తర్వాతే వాటికి తలుపు తీయాలి. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ ఆ క్రమం తిరగేయలేదు.

మూడు వారాల కిందట కొత్త మేనేజర్ ఆమెని రెండో అంతస్తుకి, నివేదికల గదికి మార్చాడు. ఆయన్ని కింద వాళ్ళు పచ్చలైటు సార్ అంటారు. గోడకి పెద్ద తెర పెట్టించాడు. అంతా బాగుంటే అందులో పచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపంటే ఎద్దుకి పడనట్టే ఆయనకీ పడదు. ఖాళీ టేపులు యాభైకి తగ్గిన దగ్గర్నుంచి ఒక గడి ఎర్రగానే ఉంది. బయటినుంచి సలహాదారులు వచ్చి, ఏడు పూల్స్ దండగ, రెండు చాలు, పట్టికలో ఇరవై మూడు వరసలెందుకు, ఒకటి చాలు అన్నారు. మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా మొత్తం ఉమ్మడికే. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆమె వద్దని రెండు పేజీలు రాసిచ్చింది. ఆయన "మీ అనుభవాన్ని గౌరవిస్తాం మేడమ్" అని, అదే రోజు ఆమె పాస్‌వర్డ్ తీసేయించాడు.

పసుపు మూతల పెట్టెల్లో ఉన్నవి రాతి క్వారీల్లో పనిచేసిన వాళ్ళ ఊపిరితిత్తుల ఎక్స్‌రేలు. పనిలో చేరేటప్పుడు ఒకటి, ఆ తర్వాత ఏడాదికొకటి. నలభై ఏళ్ళు దాచాలని చట్టం. రాతిపొడి జబ్బు పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో గానీ బయటపడదు. అప్పుడు యజమాని, ఈయన చేరేటప్పటికే రోగిష్టి అంటాడు. కాదని చెప్పగలిగేది ఆ మొదటి ఫిల్మ్ ఒక్కటే.

కిందటేడు ఒకాయన వచ్చాడు. వాకిలి దగ్గర మూడు గంటలు కూర్చున్నాడు, కూర్చున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు. ఆమె గోదాం నుంచి టేపు తెప్పించి, పంతొమ్మిదేళ్ళ నాటి ఫిల్మ్ తీయించి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసుకుని, "అమ్మా, ఇంత శుభ్రంగా ఉండేవా నావి?" అన్నాడు.

ఆ టేపులు గోదాంకి వెళ్ళేటప్పుడు బీరువా వాటిని తన జాబితాలోంచి కొట్టేస్తుంది. తిరిగొస్తే దానికవి ముక్కూమొహం తెలియని కొత్తవాళ్ళు. వాటికి ఒకప్పుడు రెండో ప్రతి ఉండేది. అరలు చాలడం లేదని రెండేళ్ళ కిందట దాన్ని ఆపేశారు.

పదకొండింటికి పెద్ద బ్యాకప్ మొదలవుతుంది. దానికి ఒక్కపూటలో వంద ఖాళీ టేపులైనా కావాలి.

ఆమె మేనేజర్ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళింది. అక్కడ పక్క ఆఫీసు నుంచి వచ్చిన పెద్దలు నలుగురు గోడమీద తెర చూస్తున్నారు. తెరంతా పచ్చగా ఉంది. ఆయన మాంచి హుషారులో ఉన్నాడు.

"పైసా ఖర్చు లేకుండా ఖాళీ టేపులు ఎనిమిది రెట్లు పెంచాం. అంతా సర్దుబాటులోనే ఉంది," అంటున్నాడు.

"సార్, అవి ఖాళీవి కావు."

"మేడమ్, మీటింగ్‌లో ఉన్నాం."

"పదకొండుకి వాటి మీద రాసేస్తారు సార్. క్వారీ ఎక్స్‌రేలు అవి. పట్టికలో ఒక్క వరస పెట్టండి, రెండు నిమిషాల పని."

"సిస్టమ్ ఖాళీ అంటోంది కదా?"

"మీరు దానికి ఏం చెప్పారో అదే మీకు చెబుతోంది."

వచ్చిన వాళ్ళలో ఒకాయన నవ్వాపుకోలేక దగ్గాడు. మేనేజర్ మొహం బిగుసుకుంది. గొంతు మాత్రం మెత్తగానే ఉంచాడు.

"మార్పు కోసం అర్జీ పెట్టండి. సాయంత్రం కమిటీ చూస్తుంది. మూడు వారాలైంది కదా మేడమ్ మీరు ఆ గది వదిలి. పాత చోటు మీద బెంగ ఉంటుంది, అర్థం చేసుకోగలను."

ఆ బెంగ అన్న మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై ఆరేళ్ళ పనిని ఆయన పుట్టింటి మీద బెంగ చేసేశాడు. ఇంకొక్క మాట మాట్లాడితే నోటికేం వస్తుందో తనకే తెలియదని, వెనక్కి తిరిగి మెట్లు దిగింది. అప్పటికి పావుతక్కువ పది.

ఆపరేటర్ ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు, పన్నెండేళ్ళుగా ఆమె కిందే పనిచేశాడు.

"వరస నేను పెట్టలేనక్కా. పాస్‌వర్డ్ సార్ దగ్గరా, ఆ సలహాదారుల దగ్గరా తప్ప లేదు."

"వరస లేకపోయినా ఎక్కించావు కదరా."

"బయటివన్నీ ఒకే పూల్‌కి అన్నారు, చూసుకోవాల్సిన పన్లేదన్నారు. నాకేం తెలుసక్కా?"

"పన్నెండేళ్ళు నేను గోడకి చెప్పానా మరి?"

ఆమెకి అతన్ని తిట్టే తీరిక లేదు.

"బీరువా తాళం ఇవ్వు."

అతనికి అర్థమైంది. బీరువా తలుపు తెరిస్తే లోపలి చెయ్యి ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. మనిషి లోపలుంటే దెబ్బ తగలకుండా చేసిన ఏర్పాటు అది. చెయ్యి ఆగితే ఆఫీసు మొత్తానికి టేపు పని ఆగుతుంది. రాతపూర్వకమైన అనుమతి లేకుండా తెరిస్తే ఉద్యోగం పోతుందని తలుపు మీదే రాసి ఉంది.

"అక్కా, నాకు ఇద్దరు పిల్లలు."

"తెలుసు, బారసాలకి కూడా వచ్చా. తాళం బల్లమీద పెట్టి టీకి వెళ్ళు."

అతను తాళం బల్లమీద పెట్టాడు. తలుపు దాకా వెళ్ళి, "నీక్కూడా తెస్తానక్కా," అని వెళ్ళిపోయాడు.

ఆమె తాళం తిప్పి తలుపు లాగింది. లోపల చెయ్యి మూడో వరస అరల ముందు ఒక టేపు పట్టుకుని ఆగిపోయింది. చప్పుడంతా ఒక్కసారిగా పోయింది. ఆమె గడప మీద నిలబడింది, మళ్ళీ ఎవరూ మూయకుండా.

పైన తెర అంతా ఎర్రగా మారిపోయి ఉంటుంది. నాలుగు నిమిషాల్లో మేనేజర్ కిందికొచ్చాడు. ఆయన వెనకాలే ఆ నలుగురు పెద్దలూ, వింత చూడ్డానికి.

"మేడమ్! తలుపు మూయండి!"

"ముందు వరస పెట్టండి."

"మీకు మతిపోయిందా? దీని పరిణామం ఏమిటో తెలుసా మీకు?"

"నాకు తెలుసు. మీకు తెలియకే వరసలన్నీ తీసేశారు. ఇరవై మూడు వరసలూ ఎందుకున్నాయో ఒక్కరు అడిగారా నన్ను? రెండు పేజీలు రాసిచ్చా, చదివారా? చదవలేదు. రంగు చూశారు. జబ్బు చేసినవాడు కోర్టులో ఏం చూపించుకోవాలి సార్, మీ పచ్చరంగా?"

"సెక్యూరిటీని పిలుస్తాను."

"పిలవండి. వాళ్ళు వచ్చేలోపు పెట్టొచ్చు, రెండు నిమిషాల పనే."

చూసేవాళ్ళు లేకపోతే ఆయన ఏం చేసేవాడో గానీ, నలుగురి ముందు నిలబడి ఉండలేక ఆపరేటర్ కుర్చీలో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాడు. పట్టిక తెరిచాడు. తెరిచాక ఏ మీట నొక్కాలో ఆయనకి తెలియదు. ఆమె గడప మీంచి కదలకుండానే చెప్పింది.

"పైన కొత్త వరస చేర్చండి. కింద కాదు, పైన. మొదటి నంబరు రాయండి. చివరి నంబరు రాయండి. ఎక్స్‌రేలకి విడిగా కొత్త పూల్ పెట్టండి. అరువు తేవడం, వద్దు. తిరిగి ఇవ్వడం, వద్దు. ఇప్పుడు ఉమ్మడిలో ఉన్న ఆ నంబర్లవాటిని దానికి మార్చండి. అవును, అన్నీ."

తెర మీద జవాబు వచ్చింది. మారినవి 307.

"మిగతా అయిదు?" అంది ఆమె.

ఆమె తలుపు మూసి తాళం వేసి, వచ్చి తెర చూసింది. తొమ్మిదింపావుకీ పదికీ మధ్య, ఆమె ఆయన గదిలోనూ మెట్ల మీదా ఉన్నప్పుడు, చిన్న చిన్న పనులేవో అయిదు ఖాళీ టేపులు అడిగాయి. బీరువా ఇచ్చింది. మీద జీతాల కాగితాలూ, సెలవు చీటీలూ రాసేశారు. ఒకసారి మీద రాశాక కింది రాత రాదు.

ఆపరేటర్ రెండు టీలతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎవరూ తీసుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి మేనేజర్ ఆమెని పిలిపించాడు. ఇప్పుడు గదిలో పెద్దలు లేరు. బల్లమీద రెండు కాగితాలున్నాయి. ఒకటి అనుమతి లేకుండా తలుపు తెరిచినందుకు సంజాయిషీ అడిగే నోటీసు, జవాబుకి ఏడు రోజుల గడువు. రెండోది ఆరోగ్యశాఖకి వెళ్ళాల్సిన నివేదిక. అందులో ఒక్క వాక్యం ఉంది. పాతబడటం వల్ల అయిదు టేపులు పాడయ్యాయి.

"పరీక్షించింది మీరని సంతకం పెడితే, ఆ మొదటి కాగితం నేను చూసుకుంటాను మేడమ్. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"టేపులు పాడవలేదు సార్."

"ఫలితం ఒకటే కదా?"

"పాడైతే ఎవరి తప్పూ కాదు. అందులో ఉన్నవాళ్ళకి ఉత్తరం కూడా రాయరు. ఇరవయ్యేళ్ళకి వాడొచ్చి వాకిట్లో కూర్చుంటే, లేదు పో అంటారు." ఆమె నోటీసు తీసుకుంది. రెండోది అక్కడే వదిలేసింది. "అది మీరే పెట్టుకోండి సంతకం. అందులో తెలుగు బాగానే ఉంది, నిజమే లేదు."

ఇంటికి వచ్చేసరికి ఆరు దాటింది. అత్తగారు సోఫాలో కూర్చుని మందులు డబ్బాలో సర్దుకుంటోంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, కోడలి అడుగుల చప్పుడుని బట్టి రోజు ఎలా గడిచిందో చెప్పగలదు.

"ఎవరి మీదే ఆ కోపం? గడప ఏం చేసింది?"

ఆమె కూర్చుని మొత్తం చెప్పింది. లిఫ్టు మెకానిక్ అయిన భర్త వంటింట్లోంచి వచ్చి తలుపుకి ఆనుకుని విన్నాడు.

"సంతకం పెడితే పోయేదిగా," అన్నాడు చివరికి. "ఇంకా ఆరేళ్ళే కదా సర్వీసు."

"మీరు తాడు తెగిన లిఫ్టుకి బాగుందని సంతకం పెడతారా?"

"దానికీ దీనికీ..."

"ఒరే, నువ్వు లోపలికెళ్ళి పొయ్యి చూసుకో," అంది అత్తగారు. కోడలి వైపు తిరిగింది. "ఉద్యోగం తీసేస్తారా?"

"తీసేయొచ్చు అత్తయ్యా."

"తీసేస్తే ఇంట్లో కూర్చుని నా మీద అరుస్తావు. అదొక్కటే నా భయం. రాయి, కలం ఇదిగో."

ఆమె నోటీసుకి ఏడు రోజులు తీసుకోలేదు. భోజనాల బల్ల మీద, అప్పుడే రాసింది. తలుపు తెరిచింది నిజం, తాళం తనే తీసుకుంది, మళ్ళీ అలా జరిగితే మళ్ళీ తెరుస్తుంది. రెండో పేరాలో టేపులు పాడవలేదని, పట్టిక మార్చడం వల్ల వాటి మీద వేరే సమాచారం రాశారని, ఆ అయిదు టేపుల నంబర్లతో సహా రాసింది. ఏ టేపులో ఎవరెవరి ఎక్స్‌రేలు ఉన్నాయో చెప్పే పేర్ల జాబితా విడిగా డిస్కులో ఉంది కాబట్టి, వాళ్ళందరికీ ఉత్తరాలు రాయాలని, బతికున్న వాళ్ళకి పనిలో చేరినప్పటి ఫిల్ముల నకళ్ళు ఆస్పత్రుల్లో ఇంకా దొరుకుతాయేమో ఇప్పుడే వెతకాలని అడిగింది. ఒక ప్రతి మేనేజర్‌కి, ఒకటి ఆరోగ్యశాఖకి. మొత్తం ఎంతమందో లెక్కించమని ఆపరేటర్‌కి ఫోన్లో చెప్పి, ఆ అంకె చోటు ఖాళీ వదిలింది.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఆపరేటర్ జాబితా లెక్కించి ఫోన్ చేశాడు. అయిదు టేపుల్లో ఉన్న మనుషులు 9,418 మంది. ఆమె ఆ అంకెని రెండు ప్రతుల్లోనూ ఖాళీ వదిలిన చోట వేసి, ఆరోగ్యశాఖ కవరు అంటించి, పోస్టు చేసి, నివేదికల గదికి వెళ్ళింది.