దర్జీగారి డాబా

మా ఆయన దర్జీ. చిరిగిందంటే చాలు, దేనికైనా అతుకు వేస్తారు. ఆ చూపు మా డాబా మీద పడ్డాకే నా ప్రాణం మీదకొచ్చింది.

ఒక వానకి వంటింటి కప్పు నుంచి చుక్క కారింది. "దానికేముంది, చిన్న అతుకు వేస్తే సరి!" అంటూ సిమెంటు కలిపి డాబా ఎక్కారు. తర్వాతి వానకి దాని పక్కనే కారింది. మళ్ళీ అతుకు. అతుకు మీద అతుకు. మేస్త్రీని పిలుద్దామంటే ముఖం మాడ్చుకునేవారు. నేనేమో పొయ్యి మీద ఒక గిన్నె, చుక్కల కింద నాలుగు గిన్నెలు పెట్టుకుని వండేదాన్ని.

మొన్న డాబా మీద దుప్పట్లు ఉతికి, ఆ నీళ్ళు డాబా మీది నీళ్ళు కిందకి దిగే గొట్టం వైపు పారబోశాను. గొట్టం దాకా వెళ్ళినట్టే వెళ్ళి, తిరిగొచ్చి నా కాళ్ళ దగ్గరే నిలిచాయి. చూద్దును కదా, అతుకులన్నీ కలిసి గొట్టం నోటికి అడ్డంగా గట్టు కట్టాయి! వాన నీళ్ళు పోయే దారి లేక వంటింట్లోకి దిగుతున్నాయి.

ఒళ్ళు మండి ఆయన్ని పైకి పిలిచాను. "ఏమండీ, మెడ దగ్గర కుట్టేసి చొక్కా తొడుక్కోమంటే ఎలాగండీ?"

ఆయన గట్టు వంక చూశారు, నా వంక చూశారు. సుత్తీ ఉలీ తెచ్చి గట్టంతా ఊడగొట్టి, గొట్టం వైపు వాలు పెట్టారు.

నిన్న వాన దంచికొట్టింది. గొట్టం హోరుమంది, వంటింట్లో చుక్క పడలేదు. "ఏం చేశారేంటి?" అని పక్కింటావిడ అడిగితే, మా ఆయన మెడలో టేపు సర్దుకుంటూ అన్నారు:

"ఏం లేదమ్మా, మెడ కాస్త బిగువైంది. వదులు చేశాను."