నవ్వకుండా అన్న మాట

మా ఆఫీసులో నా మీద ఒక ఫిర్యాదు ఉంది. జోకు వేసేముందు నేనే నవ్వేస్తానట. "మీరే నవ్వేస్తే ఇంక మేం నవ్వడానికి ఏం మిగిలింది మేడం?" అంటారు. నిజమే, జోకు చచ్చిపోతుంది. చావనీ. వివరం చెప్పాలంటే చాలా దూరం పోవాలి కాబట్టి నేను వాళ్లకు ఏమీ చెప్పను.

మొదటినుంచీ ఇలా ఉండేదాన్ని కాదు. మా అమ్మ నాది కత్తెర నోరు అనేది. వెటకారం ఆడితే మొహంలో ఒక్క గీత కూడా కదలనిచ్చేదాన్ని కాదు. ఎదుటివాళ్లు రెండు క్షణాలు తికమకపడి, ఆ తర్వాత పగలబడి నవ్వాలి. ఆ రెండు క్షణాలంటే నాకు మహా ఇష్టం. అర్థం కానివాళ్లుంటే అది వాళ్ల బుర్ర లోపమనుకునేదాన్ని. అంత పొగరు.

అప్పటికి కోలారు బంగారు గనులు మూసేసి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఊరిగాంలో కంపెనీ కట్టించిన లైన్ ఇళ్లలో ఉండేవాళ్లం. పక్కింటికీ మాకూ మధ్య ఛాతీ ఎత్తు గోడ. గోడ అవతలి ఆయన్ని మామా అని పిలిచేదాన్ని. చుట్టరికమేమీ లేదు. ఆయన తాత, మా తాత చిత్తూరు వైపు పల్లెలనుంచి ఒకే కాలంలో వచ్చి గనిలో చేరారు, అంతే. మామ ఇరవై ఆరేళ్లు భూమి కింద పనిచేసి, ఏడుగురున్న గ్యాంగుకు మేస్త్రీ అయ్యాడు. మా నాన్నదీ గని ఉద్యోగమే కానీ పైన, వడ్రంగి షెడ్డులో. కేజ్ అనే ఇనప లిఫ్టెక్కి గని కిందికి దిగిన మనిషి మా ఇంట్లో ఒక్కరూ లేరు. ఈ తేడా ఎంత పెద్దదో నాకు తర్వాత తెలిసింది.

నేను రాబర్ట్‌సన్‌పేటలో ఒక టైపింగ్, జిరాక్స్ అంగడిలో పనిచేసేదాన్ని. గని తెరవాలని, రావాల్సింది ఇప్పించాలని, ఇల్లు తమ పేరున రాయించాలని పాత కార్మికులు రాయించే అర్జీలన్నీ నా చేతిమీదుగానే పోయేవి. అందుకని మా లైన్లో వాళ్లకు నేనంటే సగం కలెక్టరు. సాయంత్రం నేను ఇంటికి రాగానే మామ గోడ మీద మోచేతులానించి అడిగేవాడు.

"పాపా, పేపర్లో మైన్ సంగతి ఏమన్నా ఏసినారా?"

"లేదు మామా."

"ఏస్తారులే. ఇంగ ఏయకుండా యాడికి పోతారు."

రోజూ ఇదే. వానొచ్చినా, పండగొచ్చినా, నాకు జ్వరమొచ్చినా ఇదే.

ఒక శనివారం నేను పదకొండు అర్జీలు టైపు చేసి, మెడ పట్టేసి, చిరచిరలాడుతూ ఇల్లు చేరాను. మామ గోడ దగ్గర సిద్ధంగా ఉన్నాడు. ఆ రోజు ఆయన దగ్గరా ఒక కబురుంది. బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పని దొరికింది. సోమవారం పొద్దున మొదటి రైలుకు పోయి చేరాలి. గని మూసేసినప్పటినుంచీ ఆ ఇంట్లో స్థిరమైన సంపాదన లేదు. అత్త, అంటే ఆయన భార్య, నాలుగిళ్లలో అంట్లు తోముతోంది. నేను సంతోషించాను, నిజంగానే. ఆయన మొహంలో మాత్రం సంతోషం లేదు.

"గేటు కాడ స్టూలేసుకుని కూచోవల్లంట. కారొస్తే సలాం కొట్టల్లంట." గొంతు తగ్గించి, "పాపా, ఈ పొద్దు పేపర్లో మైన్ సంగతి ఏమన్నా ఉండాదా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. చేతికొచ్చిన పని పెట్టుకుని ఇంకా ఆ మూసేసిన గొయ్యి వైపే చూస్తాడేమిటి ఈ మనిషి?

"ఉండాది మామా," అన్నాను, మొహం బిగించి. "సోమవారమే తెరుస్తారంట. ఫస్ట్ షిఫ్ట్. టోకెను, హెల్మెట్ తుడిచి పెట్టుకోండి. మీ గ్యాంగు లేకపోతే కేజ్ కదలదంట."

మామ రెండు క్షణాలు నన్నే చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. పళ్లన్నీ కనబడేలా, భుజాలు కదిలేలా నవ్వాడు. హమ్మయ్య, అర్థమయిందనుకుని నేను లోపలికి పోయి అన్నం తిన్నాను.

ఆదివారమంతా ఆయన గోడ దగ్గర కనబడలేదు. బెంగళూరు ప్రయాణానికి బట్టలు సర్దుకుంటున్నాడనుకున్నాను.

సోమవారం పొద్దున ఏడు గంటలకు, అంగడికి నడిచి పోతూ, గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గరికొచ్చాను. తుప్పు పట్టిన గేటు, దానికి పిడికిలంత తాళం. దాని ముందు ఏడుగురు మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. నెత్తిన హెల్మెట్లు. కాళ్లకు బూట్లు, ఒకాయనకు బూట్లు లేక రబ్బరు చెప్పులు. ప్రతి ఒక్కరి చేతిలో టిఫిన్ క్యారియరు. అందరికన్నా ముందు మామ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇత్తడి టోకెను పట్టుకుని, ఎవరూ లేని హాజరు కిటికీ వైపు చూస్తున్నాడు.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మొదట అర్థం కాలేదు. ఎవరిదన్నా వర్ధంతేమో, పాత దుస్తుల్లో దండం పెట్టడానికి వచ్చారేమో అనుకున్నాను. ఆ తర్వాత అర్థమయింది. మా ఊళ్లో నేల అదరడం కొత్తేమీ కాదు. గని లోపల రాయి పగిలితే ఇళ్లలో గిన్నెలు దొర్లేవి. అప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

లోపలి కాపలా మనిషి గేటు దగ్గరికొచ్చి అరుస్తున్నాడు. "ఎవురప్పా చెప్పింది మీకు? ఏ షిఫ్టూ లేదు, ఏమీ లేదు. పొండి."

ఆరుగురూ మామ వైపు తిరిగారు. వాళ్లలో ఒకాయన ముళబాగిలులో హైవే పక్కన పంక్చర్ల అంగడి పెట్టుకున్నాడు. మామ ఆదివారం బస్సెక్కి అంతదూరం పోయి చెప్పొచ్చాడట. ఆయన అంగడి మూసుకుని వచ్చాడు.

"అన్నా, నీకెవురు చెప్పినారు?" అని అడిగాడాయన.

మామ తల తిప్పాడు. దారిలో చేతిసంచీ పట్టుకుని నిలబడ్డ నేను కనబడ్డాను. నా మొహంలో ఆయనకేం కనబడిందో నాకు తెలియదు కానీ, కనబడింది. టోకెను పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. నేను చెప్పాలి. "నేనే, తమాషాకి" అని రెండు మాటలు. ఊరందరినీ ఆడిపోసుకునే నోరు, తెరుచుకుంది కూడా. మాట రాలేదు.

"ఎవురూ చెప్పలేదప్పా," అన్నాడు మామ. "శనివారం రవ్వంత తాగినాను. బస్టాండులో ఎవురో ఏందో అనుకుంటా ఉంటే, నేను ఇంకేందో అనుకున్నాను. నాదే తప్పు."

మామ చుక్క ముట్టడు. ఆ ఆరుగురికీ అది తెలుసు. ముళబాగిలాయన హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. అది దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చి ఆగింది. నేను దాన్ని తీసివ్వలేదు. దాన్ని దాటుకుని గబగబా అంగడికి నడిచిపోయాను. నా జీవితంలో నన్ను నేను క్షమించుకోలేని పనులు మూడో నాలుగో ఉన్నాయి. ఆ నడక వాటిలో మొదటిది.

మామ రైలెక్కలేదని అపార్ట్‌మెంటువాళ్లు ఆ మధ్యాహ్నమే ఇంకొకర్ని పెట్టుకున్నారు.

రెండు రోజుల తర్వాత కొళాయి దగ్గర అత్త నా పక్కనే బిందె పెట్టింది. ఎవరు చెప్పారో మామ ఆమెకు కూడా చెప్పలేదు. "తాగినానంటాడు పాపా, నాకు తెలీదా ఆ మనిషి? ఎవురో చెప్పినారు. చెప్పినోళ్ల నోరు పడిపోను. వాళ్ల నోట్లో మన్ను పడ," అంటూ నా భుజమ్మీద తల ఆనించి ఏడ్చింది. నా నోటినే తిట్టుకుంటూ నా భుజం మీదే ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను.

ఆ సాయంత్రం నాన్నకు చెప్పుకున్నాను. ఆయన కొట్టినా బాగుండేది. అలా కాక, నిదానంగా విడమరిచి చెప్పాడు.

"కిందికి దిగేవాళ్లు దేని మీదైనా తమాషా చేస్తారమ్మా. పెళ్లాం మీద, దొర మీద, చావు మీద కూడా. కానీ కేజ్ గంట మీద, షిఫ్ట్ మీద చెయ్యరు. ఎవురన్నా షిఫ్ట్ ఉండాదని చెప్తే నిజమేనా అని అడగరు. విన్నోడు గ్యాంగులో ప్రతి ఇంటికీ పోయి చెప్పల్ల. ఒకడు తక్కువైతే మిగతావాళ్లు దిగరు. ఆ మాట నమ్ముకునే వాళ్లు ఇన్నేళ్లు పైకొచ్చినారు."

అంటే మామ తెలివితక్కువగా నమ్మలేదు. ఇరవై ఆరేళ్లు ప్రాణం కాపాడిన అలవాటు కొద్దీ నమ్మాడు. అందులోనూ అర్జీలన్నీ టైపు చేసే పిల్ల చెప్పింది. ఆ నవ్వు ఎకసెక్కం అర్థమైన నవ్వు కాదు. మనిషి నెత్తిన పాలు పోసినట్టయి నవ్విన నవ్వు. గని మూసేశాక ఆయన అలా నవ్వడం అదే మొదటిసారని నాకు తట్టనే లేదు.

మరుసటి రోజు గోడ దగ్గర నేనే ఆయన కోసం కాచుకున్నాను. "మామా, నేను తమాషాకి అన్నాను. మీరు నవ్వితే అర్థమయిందనుకున్నాను," అన్నాను. ఏడుపొచ్చింది.

"ఏడవద్దు పాపా," అన్నాడు. "నాకే తెలీలేదు. సదువుకున్నోళ్ల తమాషా అట్లుంటాదని ఎవురు చెప్పినారు నాకు? ఇంగోసారి కనిపెట్టుకుంటాలే."

తిట్టి ఉంటే నేను తేలికపడేదాన్ని. ఆ తర్వాత ఆయన పేపరు సంగతి అడగడం మానేశాడు. గోడ దగ్గరికి వచ్చేవాడు, వంకాయలు ఇచ్చేవాడు, నాన్న మోకాళ్ల గురించి అడిగేవాడు. ఆ ఒక్క మాట మాత్రం అడిగేవాడు కాదు. గ్యాంగులో వాళ్లు ఆయన్ని బజార్లో చూస్తే "ఫస్ట్ షిఫ్టా అన్నా?" అని పిలిచేవాళ్లు. ఆయన చెయ్యి ఊపేవాడు.

నేను పని వెతకడం మొదలుపెట్టాను. నాకు కాదు, ఆయనకు. అంగడికి వచ్చిన ప్రతి మనిషినీ అడిగాను. సిగ్గు విడిచి అడిగాను. ఎనిమిది నెలలకు, కోలారులో ఒక బడికి కాపలా మనిషి కావాలని మా యజమాని చుట్టం ద్వారా తెలిసింది. బడి ఆవరణలోనే ఒక గది ఇస్తారు. స్టూలు లేదు, సలాం లేదు. చెట్లకు నీళ్లు పోయాలి, గంట కొట్టాలి. గంట మాట వినగానే ఈ పని ఆయన కోసమే పుట్టిందనుకున్నాను. యజమాని ఫోన్లో మాట్లాడి ఖాయం చేశాడు. సోమవారం పొద్దున తొమ్మిదికల్లా అక్కడుండాలి, రాకపోతే ఇంకొకరు కాచుకుని ఉన్నారన్నారు.

శనివారం సాయంత్రం పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను. అత్త పుంగనూరు దగ్గర పుట్టింటికి పోయింది. మామ ఒక్కడే ఉన్నాడు. నాకు ఊపిరాడటం లేదు. ఎక్కడ తప్పు చెబుతానో అని భయపడి, ఒక్కొక్క మాటే నిదానంగా, గంభీరంగా చెప్పాను.

"మామా, మీకు పని దొరికింది. కోలారులో, బడిలో. సోమవారమే చేరల్ల. ఏడు గంటల బస్సుకు నేను కూడా వస్తాను."

ఆయన రెండు క్షణాలు నా మొహం చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. అదే నవ్వు. పళ్లన్నీ కనబడేలా, భుజాలు కదిలేలా. "సరే పాపా, సరే. ఏడు గంటల బస్సు," అన్నాడు. నా నెత్తిమీది బరువంతా దిగిపోయింది. ఎనిమిది నెలల తర్వాత ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

సోమవారం ఆరున్నరకు గోడ మీదుగా చూస్తే వాళ్ల తలుపు మూసి ఉంది. ముందే పోయాడనుకుని బస్టాండుకు పరుగెత్తాను. అక్కడ లేడు. ఏడు గంటల బస్సు వచ్చింది, నిండింది, పోయింది. తర్వాతి బస్సు కూడా పోయింది. ఏమయిందోనని వెనక్కి పరుగెత్తుకుంటూ వచ్చాను.

మామ పెరట్లో, పాత చొక్కాలో, కట్టెలు కొడుతున్నాడు.

"మామా! ఏల రాలేదు? తొమ్మిదికి అక్కడుండల్ల కదా!"

ఆయన గొడ్డలి కింద పెట్టి నా వైపు నవ్వుతూ చూశాడు. నేను వగరుస్తూ గోడ పట్టుకుని నిలబడ్డాను. నా చెంపల మీది నీళ్లు చూశాక ఆయన నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"నిజమేనా పాపా?" అన్నాడు, చిన్న గొంతుతో. "నువ్వు నవ్వకుండా చెప్పినావు కదమ్మా. అందుకే తమాషా అనుకున్నాను."