అంచులో తప్పు పట్టిన పిల్ల

మొన్న అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగుతుంటే ఒకతను నా చేతిలో కరపత్రం కుక్కాడు. అక్కడ కాగితాలు తీసుకోవడం, రెండడుగులు వేసి పారేయడం అందరికీ అలవాటే కాబట్టి నేనూ పారేయబోయి, దానిమీద మూడేళ్ల పిల్లకు నల్లగౌను, పట్టా టోపీ తొడిగి తీసిన ఫొటో చూసి ఆగాను. కింద ఒక కథ వేశారు. పంజాగుట్టలోని ఒక పెద్ద స్కూలు నర్సరీ సీటు ఇంటర్వ్యూలో ఒక ఆటోడ్రైవర్ కూతురు బొమ్మల వరుసలో ఎవరికీ కనపడని తప్పు పట్టుకుందట, ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీలోంచి లేచి ఆ పిల్లకు చేయి కలిపి అక్కడికక్కడే సీటిచ్చిందట. ఆ కథ రాసింది నేనే. నా తర్వాత ఎన్ని చేతులు మారి ఎవరి వ్యాపారానికి పనికొస్తోందో గానీ, నా ఎంగిలినే ఎవరో పళ్లెంలో పెట్టి నాకు వడ్డించినట్టు రోత పుట్టింది. పిల్ల తప్పు పట్టుకోవడం వరకే అందులో నిజం. మిగిలింది ఇప్పటికైనా చెప్పాలి.

నా ఈడువాళ్లకు మెట్రో రాకముందు రోజుల అమీర్‌పేట గుర్తుండే ఉంటుంది, ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులు, ప్రతి మెట్టు మీదా చెప్పుల గుట్టలు. మాది మగ్గాల ఊరు. అక్కణ్నుంచి వచ్చి మా బావ ఆ పక్కనే మధురానగర్‌లో టైలర్ షాపు పెట్టుకుంటే, బాలబడిలో పనిచేసిన మా అక్క పైగదిలో చిన్నపిల్లలను కూర్చోబెట్టేది. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డముక్కలను ఎరుపు, ఎరుపు, పసుపు అని చీర అంచులా నేలమీద పొడుగ్గా పరిచి, ఎక్కడో ఒక ఎరుపు తీసేసి, ఏం తప్పిందో చూడమనేది. పిల్లలు మోకాళ్ల మీద పాకుతూ, ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తూ పోయి, ఉన్నట్టుండి ఆగిపోయేవారు. ఆ ఆగడం చూడటానికే నేను కింద షాపులో పని వదిలి పైకి వెళ్లేవాణ్ని. అంకెలు తర్వాత వస్తాయి, ముందు ఏది పెద్దదో, ఏది జత కాదో, ఏది వరుస తప్పిందో కళ్లకు తెలియాలి, లెక్కలకు అదే మొదలు అనేది అక్క.

పిల్లలను పోగుచేయడం, తల్లిదండ్రులతో మాట్లాడటం నా వంతు. కోస్తా నుంచి వచ్చిన ఒకావిడ ఒకరోజు గుమ్మంలోనే పట్టుకుంది. "ఏంటండీ ఇది, పెళ్లిలో మా ఆడపడుచు చీర అంచు తప్పుందని మావాడు అందరి ముందూ అనేశాడు! వన్ టూ త్రీలు ఎప్పుడు చెప్తారు మీరు?"

లోపల్నుంచి అక్క, "తప్పుందా లేదా జర చూసిన్రా అమ్మా?" అంది.

ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అప్పటికే నా బుర్రలో ఇంటర్వ్యూ కోచింగ్ అనే బోర్డు తయారవుతోంది.

కథలోని పిల్ల కూడా అక్క దగ్గరికే వచ్చేది. తండ్రి బోరబండలో ఉండేవాడు, ఆటో నడిపేవాడు. పంజాగుట్ట స్కూల్లో కూతురికి సీటు రావాలని ఆయన పట్టుదల, వస్తే దాన్ని చూపించి పదిమందిని లాగాలని నా ఆశ. ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఇంటర్వ్యూకు లోపలికి నేను వెళ్లాను. కార్డు మీద రెండు సున్నాలు, ఒక త్రికోణం, మళ్లీ రెండు సున్నాలు, ఒక త్రికోణం, అలా సాగింది వరుస. చివర్లో ఏం రావాలని మేడమ్ అడిగింది. మధ్యలో ఒకచోట ఒకే సున్నా అచ్చయింది. పిల్ల అక్కడ వేలు పెట్టి, ఇక్కడ ఒకటి లేదు అంది. ఎన్నిసార్లు అడిగినా ఆ వేలు కదల్లేదు. మేడమ్ కుర్చీలోంచి లేవలేదు, కార్డు వంక చూడను కూడా లేదు. చెప్పిన మాట వినని పిల్ల అని తేల్చి ఇంకొకరిని పిలిచింది. తప్పు నాకు కనపడుతూనే ఉంది. అయినా నోరు విప్పలేదు, మళ్లీ ఏడాది ఆ గదికే ఇంకొంతమంది పిల్లలను తీసుకురావాలి కదా.

గేటు బయట ఆయన ఎదురొచ్చాడు. "మా బేటీ తప్పు చెప్పిందా అన్నా?"

"లేదు భాయ్, కరెక్టే చెప్పింది."

"మరి సీటెందుకియ్యలే?"

"అడిగినదానికే జవాబు చెప్పాలె భాయ్. కనబడ్డదంతా చెప్తే ఎట్ల?"

ఆయన కూతురి తల నిమురుతూ, "అయితే జర గదే నేర్పియ్యన్నా," అన్నాడు.

నేర్పాను. ఏడాదంతా కార్డులు ముందేసుకుని, మధ్యలో ఏమున్నా చూడొద్దని, కొసనే చూడమని, వేలు పెడితే బల్ల మీద కొట్టి, కోరిన జవాబు చెప్తే చాక్లెట్ ఇచ్చి, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరించే శ్రద్ధతో నేర్పాను. "ఎందుకురా దాని కండ్లు మూస్తున్నవ్?" అని అక్క అడిగితే, నీ పేలికలతో సీట్లు రావన్నాను. ఆమె గుడ్డల మూట చంకన పెట్టుకుని కింద షాపులోకి దిగిపోయింది.

మరుసటేడు అదే స్కూల్లో పిల్లకు సీటొచ్చింది. మొదటి ఏడాది పట్టిన తప్పుకు రెండో ఏడాది వచ్చిన సీటును అతుకు కనపడకుండా కుట్టి నేను ఆ కథ అచ్చు వేయించాను. తండ్రి మిఠాయి పెట్టెతో షాపుకు వచ్చిన రోజు, అక్క సంతోషం పట్టలేక బల్ల మీద గుడ్డముక్కలు పరిచి, ఒకటి తీసేసి, పిల్లను దగ్గరకు పిలిచింది. పిల్ల వంగలేదు. గుడ్డల వైపు చూడనే లేదు. తలెత్తి నా మొహంలోకి చూస్తూ, "ఏం చెప్పాలె సార్?" అని అడిగింది. తండ్రి మురిసిపోయాడు. అక్క ముక్కలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టింది.

ఇప్పుడు అమీర్‌పేటలో ఏ సందులో చూసినా అలాంటి దుకాణమే. కార్డులు పోయి తెరలు వచ్చాయి, సరైన జవాబు నొక్కితే నక్షత్రాలు రాలతాయి. పిల్లలను ప్రశ్నలడిగేవాళ్లందరి దగ్గరా జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది, అది పలికించడమే పని. మా చిన్నప్పుడు ఊళ్లో నాయనమ్మకు చూపు ఆనేది కాదు. మగ్గం ముందు మమ్మల్ని కూర్చోబెట్టుకుని, పోగు ఎక్కడ తెగిందో చూడు బిడ్డా అని అడిగి, మేము ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసి చెప్పేవరకు చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరుకునేది. ఎక్కడ తెగిందో ఆమెకు నిజంగానే తెలియదు. మేము చెప్పాకే మగ్గం కదిలేది.