ముప్పై ఒకటో పలక

నార్వేలోని లిల్లెసాన్‌ ఊళ్లో కంచె వేయించుకోవాలంటే తూర్దిస్‌నే పిలవాలి. నలభై ఏళ్లుగా ఆ వీధుల్లోని తెల్ల కంచెలన్నీ ఆవిడ చేతి పనే. చివర్లో చోటు చాలక చెక్క పలకను నిలువునా చీల్చి ఇరికించే వడ్రంగులంటే ఆవిడకు ఒళ్లుమంట. "లెక్క రానివాళ్లు సుత్తి ముట్టుకోకూడదు" అని మొహం మీదే అనేది. ఆ నోటికి జడిసి ఆవిడను ఎవరూ కాఫీకి పిలిచేవారు కాదు.

పిలిచే మనిషి ఒక్కతే, ఎదురింటి ఓలౌగ్. ఎనభై రెండేళ్లు. చలికాలం తుపానుకు ఆమె కంచె కూలితే, మే పదిహేడు జాతీయ పండుగలోపు కొత్తది నిలబెడతానని తూర్దిస్ మాటిచ్చింది. మూల స్తంభం నుంచి గేటు స్తంభం దాకా నాలుగు వందల ఇరవై ఏడు సెంటీమీటర్లు. ఏడేసి సెంటీమీటర్ల పలకలు ముప్పై, ఏడేసి సెంటీమీటర్ల సందులు ముప్పై ఒకటి. వెంట్రుకవాసి మిగల్లేదు. ఆ రోజంతా తూర్దిస్ ఈల వేసుకుంటూ పనిచేసింది.

కంచె పూర్తయిన మర్నాడు ఓలౌగ్ రొట్టె కొనుక్కుని, పలకల మీద చెయ్యి ఆనించుకుంటూ వస్తోంది. తూర్దిస్ తన కిటికీలోంచి మురిసిపోతూ చూస్తోంది. ఓలౌగ్ గేటు దగ్గర ఆగకుండా దాటి వచ్చేసింది. గడియ కోసం తడుముకుంటూ ముందుకు పోయి పక్కింటి గులాబీ పొదలో చిక్కుకుంది. తూర్దిస్ పరుగెత్తింది.

"గడియ ఎక్కడ దాచావే మహాతల్లీ?"

"పాత చోటే ఉందిగా!"

"ఉంటే నాకీ ముళ్లెందుకు? పాత కంచెకు ముప్పై ఒక్క పలకలు. అవి అయ్యాక చెయ్యేస్తే గడియ తగలాలి. రెండేళ్లుగా అట్లాగే ఇల్లు చేరుతున్నా."

తూర్దిస్ నిలువునా నీరైపోయింది. ఎదురింట్లో ఉండి కూడా ఆమెకు చూపు పోయిందని కనిపెట్టలేకపోయింది.

"ఎవరికీ చెప్పకు. తెలిస్తే వృద్ధాశ్రమంలో పడేస్తారు. నన్ను నా ఇంట్లో ఉండనియ్యి."

"చివరి పలకకి తాడు కడతాను."

"కట్టు! ఎందుకని వీధంతా అడుగుతుంది."

"పోనీ, ముప్పైకే ఆగు."

"లెక్క నేను పెడితేగా! కబుర్లాడుతూ నడుస్తా, చెయ్యే చూసుకుంటుంది. ఈ వయసులో దానికి కొత్త పాఠాలు ఎక్కవు."

మర్నాడే తూర్దిస్ ముప్పై పలకలూ ఊడదీసింది. ముప్పై ఒకటి పట్టాలంటే సందు ఆరున్నర, ఆపైన ఇంకో పిసరు. సందు కొలతకు ఆరున్నర సెంటీమీటర్ల చెక్కముక్క కోసి, ఆ పిసరు కోసం దానికో అట్టముక్క అంటించింది. ఇంత వికారమైన లెక్క ఆవిడ ఎన్నడూ వెయ్యలేదు.

"ఏం తూర్దిస్, లెక్క తప్పావా?" దారిన పోతున్న ఆగ్నార్ ఆగాడు. ఒకప్పుడు ఆవిడ నోటి దెబ్బ తిన్న వడ్రంగే.

తూర్దిస్ చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలో ఓలౌగ్ కాఫీ కప్పుతో కదలకుండా వింటోంది.

"తప్పాను. ఒక పలక తక్కువేశాను" అంది తూర్దిస్, వీధంతా వినపడేలా.

మే పదిహేడున ఊరేగింపు నుంచి వస్తూ ఆగ్నార్ ఆ మాటే ఎత్తి పకపకా నవ్వాడు.

"పోనిద్దూ, దానికీ వయసొస్తోంది" అంటూ ఓలౌగ్ అతనివైపే మొహం పెట్టి, తడుముకోకుండా చేత్తో గడియ తీసింది. వెనకే వస్తున్న తూర్దిస్ ముప్పై ఒకటో పలకను ఓసారి తట్టి లోపలికి నడిచింది.